క్లోమశోథను చూపు పటములు

నేను ఆలంపురమునను, చుట్టుపట్టుల గ్రామములలోను ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగును, కొంత సంస్కృతమును చెప్పి, ఉద్యోగవిరమణము పొంది యింట గూర్చున్నవాడను. వైద్యుడను గాను. అట్టివాడు కడుపులోని యొక గ్రంథిని గూర్చియు, దాని వాపును చూపు యంత్రములను గూర్చియు మాటలాడుట మీలో కొందరికి వింతగా దోచవచ్చును. అందులకు కారణము మొదట చెప్పెదను.

కొన్నియేండ్ల క్రిందట నా పూర్వశిష్యుడొకడు, నలుబదియేండ్ల రైతు, పెండ్లిభోజనము చేసి యిల్లు చేరిన రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరుగసాగెను. నొప్పి నాభికి పైన, నడికడుపున పుట్టి సూటిగా వెన్నునకు ప్రాకెను. వెల్లకిల పరుండిన హెచ్చును. మోకాళ్లు పట్టుకొని ముందునకు వంగిన కొంత తెరిపి యిచ్చును. వాంతులు నిలువవు. తిండి యరుగలేదని వాము నమిలించిరి, సోడాయుప్పు త్రాగించిరి. తెల్లవారుజామునకు భయము పుట్టి, తుంగభద్ర వంతెన దాటించి పట్టణములోని యొక వైద్యశాలకు గొనిపోయిరి. నేనును వెంట బోతిని. అచ్చటి వైద్యుడు రక్తము పరీక్షింపించి, ఇది పాంక్రియాటైటిస్ అనియు, ఉదయమున కడుపునకు అల్ట్రాసౌండు తీయింత మనియు చెప్పెను. బంధువులందరు నా ముఖము చూచిరి. "అయ్యవారూ, మీరు చదివినవారు. మీరెట్లు చెప్పిన నట్లు చేయుదుము" అనిరి.

నేనేమి చెప్పితినో వినుడు. "ఆ చిన్న స్కానింగు గర్భిణులకు తీయునది. ఈ ప్రాణాపాయములో అదెందులకు? అన్నిటికంటె పెద్దదేదో, ఖరీదైనదేదో, దానిని ఇప్పుడే తీయింపుడు" అంటిని. వారు పట్టుబట్టి ఆ వేకువనే సీటీ స్కానింగు తీయించిరి. గ్రంథి కొంచెము వాచినది, మరి యే దోషమును లేదని చీటి వచ్చెను. మా గుండెలు కుదుటబడెను. మూడవనాటికి నొప్పి తగ్గగా, వైద్యులు వద్దన్నను వినక మేమే యతనిని ఇంటికి దెచ్చుకొంటిమి. ఐదవనాటి రాత్రి జ్వరమును ఆయాసమును వచ్చెను. మరల తీసిన సీటీ పటములో గ్రంథిలో సుమారు మూడవవంతు చచ్చిపోయి నల్లగా కానవచ్చెను. రెండు నెలలు వైద్యశాలలో నుండెను. ఎడ్లజత అమ్ముడుపోయెను, రెండెకరముల చేను తాకట్టు పడెను. దైవానుగ్రహమున మనిషి మిగిలెను. తుదకు తేలిన కారణ మేమి? పిత్తాశయములో కందిగింజలంత రాళ్లు. వానిని చక్కగా చూపునది నేను వలదన్న ఆ చిన్న స్కానింగే. పెద్ద స్కానింగునకు అవి రెండుమారులును కానరాలేదు.

ఆనాటినుండి ఈ సంగతి నన్ను విడువలేదు. తెలిసిన వైద్యుల నడిగితిని. దొరికిన పుస్తకములు చదివితిని. గ్రామములో నాలుగక్షరములు తెలిసిన పెద్దవానిని ఇట్టి వేళలలో అందరు సలహా యడుగుదురు. మీరును అట్టివారే గనుక, నాకు తెలిసివచ్చినది మీకు విన్నవించెదను.

జఠరమునకు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగా పరుండియుండు మెత్తని గ్రంథియే క్లోమము. పొడవు జానెడునకు కొంచెము తక్కువ. తూకము సుమారు నూరు గ్రాములు. దాని తల కుడివైపున చిన్నప్రేవు మొదటి వంపులో నిమిడియుండును. తోక యెడమవైపున ప్లీహమువరకు సాగును. క్లోమమను పేరు నేటి పాఠ్యపుస్తకములలో స్థిరపడినది గాని, ఆ మాట విషయమున పూర్వులలో తగవు గలదు. చరకసంహితలో ఉదకవహస్రోతస్సులకు తాలువును క్లోమమును మూలములని చెప్పబడినది. అనగా అది దప్పికకు స్థానము. ఆ క్లోమము ఏ యవయవమో వ్యాఖ్యాతలు ఒకమాటగా చెప్పలేదు. ఈ గ్రంథి చెడినవారిలో పెక్కురకు మధుమేహము వచ్చి తీరని దప్పిక పుట్టుటను చూచిన, దీనికి ఆ పేరు పెట్టినవారు తప్పు చేయలేదని నాకు దోచును. ఇది నా యూహయే గాని ప్రమాణము గాదు.

ఈ గ్రంథికి పనులు రెండు. ఇన్సులినును రక్తములోనికి విడుచుట యొకటి. 1921లో టొరాంటో నగరమున దానిని వేరుచేసినప్పటినుండి మధుమేహులకు ప్రాణభిక్ష దొరికినది. రెండవది జీర్ణరసమును ప్రేవులోనికి పంపుట. ఈ రసము మాంసమును, క్రొవ్వును, పిండిని కరిగింపగల తీక్ష్ణమైనది. గ్రంథిలో నున్నంతవరకు నిద్రావస్థలో నుండి, ప్రేవులోనికి వచ్చిన పిమ్మట మేలుకొనును. ఏ కారణముచేతనైన లోపలనే మేలుకొన్నచో, తన్ను కన్న గ్రంథినే అరిగించుకొనసాగును. కంచె చేను మేసినట్లన్నమాట. అదియే క్లోమశోథ. కారణములలో ముఖ్యములైనవి రెండు: పిత్తాశయపు రాళ్లు, మద్యము. పైత్యరసపు నాళమును, క్లోమనాళమును రెండు కాలువలవలె వచ్చి ఒకే తూమువద్ద ప్రేవులో కలియుచున్నవి. పిత్తాశయమునుండి జారిన చిన్నరాయి ఆ తూమున నడ్డుపడిన, రెండు కాలువలును పోటెత్తును. రక్తములో ట్రైగ్లిసరైడులను క్రొవ్వు మిక్కిలి పెరిగినను, కొన్ని మందులవలనను ఈ వ్యాధి రావచ్చును.

నూటికి 80 మందికి ఇది వారము దినములలో తగ్గిపోవును. తక్కినవారికి మాత్రము గ్రంథిలో కొంతభాగము చచ్చుటయో, ఊపిరితిత్తులు, మూత్రపిండములు దెబ్బతినుటయో జరుగును. ఎవరు ఏ తెగలోనివారో మొదటిరాత్రి చెప్పుట బహుకష్టము. చిక్కంతయు అచ్చటనే యున్నది.

వ్యాధిని నిర్ణయించుటకు ప్రపంచమంతట వైద్యులు పాటించు నియమ మొకటి గలదు. అమెరికాలోని అట్లాంటా నగరమున 1992లో ఏర్పడి, 2012లో సవరింపబడినది. లక్షణములు మూడు: నేను వర్ణించిన తీరు నొప్పి, రక్తములో అమైలేజు గాని లైపేజు గాని సాధారణపు హద్దునకు మూడు రెట్లును మించియుండుట, పటములో గ్రంథి వాపు కనబడుట. ఈ మూటిలో ఏ రెండున్నను నిర్ణయము చాలును. తేటగా గమనింపుడు. నొప్పియు, రక్తపరీక్షయు సరిపోయినప్పుడు, వ్యాధి పేరు చెప్పుటకు పటముతో పనియే లేదు. నా శిష్యునకు వేకువజామునకే వ్యాధి తెలిసిపోయినది. ఆ పిమ్మట తీయు పటము వేరు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను: ఎందువలన వచ్చినది? ఎంతవరకు చెడినది? ఈ రెండు ప్రశ్నలకు యంత్రములు వేరు, తీయవలసిన దినములును వేరు. ఈ సంగతి నాకప్పుడు తెలియదు.

ఎందువలన వచ్చినదను ప్రశ్నకు మొదట వచ్చునది అల్ట్రాసౌండు. కొబ్బరికాయను తట్టి లోనిది ముదురో లేతో మనము శబ్దముచే చెప్పుదుము గదా. గబ్బిలము తన కూత గోడకు తగిలి మరలివచ్చుటను బట్టి చీకటిలో త్రోవ తెలిసికొనును. ఈ యంత్రము చేయునదియు అట్టిదే. మన చెవి సెకనుకు ఇరువదివేల కంపనములకు మించిన ధ్వనిని వినలేదు. కడుపు పరీక్షకు వాడు ధ్వని సెకనుకు ఇరువది లక్షలనుండి ఏబది లక్షల కంపనములది. లోహపు పనిముట్లలో పగుళ్లు కనిపెట్టుటకు కర్మాగారములలో వాడుచుండిన యుపాయమును గ్లాస్గోలోని ఇయాన్ డోనాల్డు అను వైద్యుడు మనుష్యశరీరమునకు త్రిప్పి 1958లో ప్రకటించెను. ధ్వని రాతికి తగిలి తిరుగబడును, రాతివెనుక నల్లని నీడ పడును. కాబట్టి పిత్తాశయములోని రాళ్లు ఈ పటమున తేటపడును. పైత్యనాళము ఉబ్బియున్నను తెలియును. ఎక్స్‌కిరణములు లేవు, సూది లేదు, ఖర్చు వందలలో నుండును, రోగి మంచముకడకే యంత్రమును త్రోసికొని రావచ్చును. అందువలన క్లోమశోథతో వచ్చిన ప్రతివానికిని మొదటనే దీనిని తీయవలెనని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

మరి లోప మేమనగా, ధ్వని గాలిని దాటలేదు. క్లోమమునకు ముందున్న జఠరములోను ప్రేవులలోను వాయువుండును. క్లోమశోథ వచ్చినప్పుడు ప్రేవులు కదలక ఉబ్బి ఆ వాయువు మరింత హెచ్చును. మా నవబ్రహ్మాలయములలో గర్భగృహముచుట్టు ప్రదక్షిణమార్గమును, దానిచుట్టు వెలిగోడయు నున్న గుడులు గలవు. వెలిగోడకడ నిలిచినవానికి లోని మూర్తి కానరాదు గదా. అట్లే ఈ యంత్రము పిత్తాశయమును చక్కగా చూపినను, క్లోమమును తరచు పూర్తిగా చూపజాలదు. "వాయువుచేత క్లోమము కనబడలేదు" అని చీటిలో వ్రాసినచో, గ్రంథి బాగున్నదని అర్థము గాదు, చూడలేదని యర్థము. ఈ రెంటికి గల భేదము తెలియక మోసపోయినవారిని నేనెరుగుదును. పరగడుపున రమ్మనుటలోను కారణమున్నది. తిన్న వెంటనే పిత్తాశయము ముడుచుకొనును, లోనిరాళ్లు దాగును. కొందరు "ఒక కప్పు కాఫీయే గదా" యని త్రాగివత్తురు, పాలకాఫీయు తిండియే.

ఎంతవరకు చెడినదను ప్రశ్నకు జవాబిచ్చునది సీటీ స్కానింగు. దీనికి మూలము ఎక్స్‌కిరణము. 1895లో జర్మనీలో రంట్‌గెన్ కనిపెట్టిన ఆ కిరణముతో తీసిన పాతపటము గోడమీద పడిన నీడవంటిది. ముందున్నదియు వెనుకనున్నదియు ఒకదానిపై నొకటి పడి కలిసిపోవును. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డు అను నతడు కిరణమును శరీరముచుట్టు త్రిప్పి, వచ్చిన లెక్కలను కంప్యూటరుచే కూర్పించి, గుమ్మడికాయను చక్రములుగా కోసినట్లు శరీరమును పొరపొరగా చూపు యంత్రమును నిర్మించెను. 1971లో మొదటి రోగికి తీసిరి. 1979లో ఆతనికిని, గణితము సమకూర్చిన కార్మాక్‌నకును నోబెల్ బహుమానము వచ్చినది. గాలి దీనికి అడ్డుకాదు. క్లోమము తలనుండి తోకవరకు కనబడును.

అయినను చచ్చిన భాగము నెట్లు గుర్తించుట? చేతినరములోనికి అయొడిను కలిసిన మందు నెక్కింతురు. అది రక్తముతో పోయి, రక్తము పారుచోటునెల్ల తెల్లగా వెలిగించును. రక్తము పోనిచోటు నల్లగా మిగిలిపోవును. మా రాజోలిబండ కాలువ చివరి ఆయకట్టువారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. నీరు విడిచిననాడు ఏ మడి తడిసినది, ఏ మడి యెండినది కాలువగట్టుమీద నిలిచి చెప్పవచ్చును. అయితే ఆ కాలువవారు మరియొకటియు ఎరుగుదురు. నీరు నిలిచిననాడే పైరు వాడదు. మొదటిదినము పచ్చగనే యుండును, రెండవదినమును ఫరవాలేదనిపించును. నాలుగవదినమునకు గదా ఆకు చుట్టుకొనుట! క్లోమమును అంతే. నెత్తురు పోక చచ్చుచున్న భాగము మొదటి రెండుదినములలో పటమునకు స్పష్టముగా చిక్కదు. 72 గంటలు, మేలుగా 96 గంటలు గడచిన పిమ్మట తీసినప్పుడే చెడినదెంతయో నిజము తెలియును. నా శిష్యునకు నొప్పి పుట్టిన కొన్ని గంటలకే తీయించితిమి. పటము అబద్ధమాడలేదు, ఆ గంటకు కనబడునది చూపినది. దానిని చూచి మేము అభయపత్ర మనుకొంటిమి.

మరి సీటీకి పిత్తాశయపు రాళ్లు ఎందులకు కనబడలేదు? కొలెస్టరాలుతో గట్టిపడిన రాయి, చుట్టునున్న పైత్యరసము, రెండును ఎక్స్‌కిరణమును ఇంచుమించు సమముగనే అడ్డగించును. నీటిలో మంచుగడ్డవలె రాయి రసములో కలిసి కనబడకపోవును. సున్నము పేరుకొన్న రాయి మాత్రము బాగుగ కనబడును.

మొదటినాడే సీటీ తీయదగిన సందర్భములు లేకపోలేదు. నొప్పి యున్నది గాని రక్తపరీక్ష తేలలేదు; జఠరమున పుండు పగిలినదో, ప్రేవుకు రక్తము నిలిచినదో యను సందేహము గలదు; అట్టిచోట వైద్యుడు జాగుచేయరాదు. అది వైద్యుని నిర్ణయము, నావంటి అయ్యవారిది గాదు. ఆ మందువలన మూత్రపిండములు బలహీనముగా నున్నవారికి కీడు కలుగవచ్చును గనుక ముందుగా క్రియాటినిను పరీక్ష చేయుదురు. పూర్వమెప్పుడైన ఆ మందు పడక దద్దురులు, ఆయాసము వచ్చియుండిన దాచక చెప్పవలెను. కడుపునకు ఒకమారు సీటీ తీసిన, ప్రకృతిలో రెండుమూడేండ్లకు మనపై పడు కిరణభార మొక్కసారి పడును. ప్రాణావసరమున అది లెక్క గాదు. "మనసు నెమ్మదికి మరొక్కటి" యని తీయించుట మాత్రము తగదు.

ఇక ఎమ్మారై. శ్రోతలారా, నా మాటను మీ యింటికి దెచ్చుచున్న రేడియోతరంగములే ఈ యంత్రమునకును ఆధారము. మన శరీరములో నీరెక్కువ. నీటిలోని హైడ్రోజను పరమాణుగర్భములు సూక్ష్మమైన అయస్కాంతములవంటివి. రోగిని గొప్ప అయస్కాంతపు సొరంగములో పరుండబెట్టి రేడియోతరంగమును పంపిన, అవి కదలి మరల తామును సన్నని తరంగమును విడుచును. ఆ జవాబును వినియే పటము గీయుదురు. మీ ఎఫ్.ఎం. రేడియో 88నుండి 108 మెగాహెర్ట్జుల నడుమ పలుకును. సాధారణముగా వాడు ఒకటిన్నర టెస్లా ఎమ్మారై యంత్రము సుమారు 64 మెగాహెర్ట్జులవద్ద పలుకును. దాదాపు పొరుగిండ్లే. అందుకనియే ఆ గదిగోడలకు రాగిరేకు పొదిగి బయటి ప్రసారములు లోనికి రాకుండ చేయుదురు. ఈ విద్యకు లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డు అనువారలకు 2003లో నోబెల్ బహుమానము నిచ్చిరి.

దీనిలోని ఒక పద్ధతిని ఎం.ఆర్.సి.పి. యందురు. నిలిచిన ద్రవము తెల్లగా వెలుగునట్లును, తక్కినదంతయు నల్లబడునట్లును తీయుదురు. అప్పుడు పైత్యనాళము, క్లోమనాళము చీకటిలో రెండు సెలయేళ్లవలె, ఏ మందును ఎక్కింపకయే కనబడును. నాళములో రాయియున్నచో వెలుగునడుమ నల్లని చుక్కగా తెలియును. గ్రంథిచుట్టు చేరినది పలుచని నీరా, చచ్చిన ముక్కలు కలిసిన మడ్డియా యని చెప్పుటలోను ఇది సీటీకంటె మేలు. నీరైన చిన్నగొట్టముతో తీయవచ్చును. ముక్కలున్న గొట్టము పూడును, ఉపాయము వేరు. ఎక్స్‌కిరణములు లేవు గనుక గర్భిణులకును పిల్లలకును దీనిని మేలెంతురు. కాని అరగంటకు పైగా కదలక పరుండవలెను, చెప్పినప్పుడెల్ల ఊపిరి బిగబట్టవలెను. యంత్రము రోకలిపోటువలె మ్రోగుచుండును. ఆయాసముతో నున్నవాడు ఇది చేయజాలడు. గుండెలో పేస్‌మేకరుగాని, ఎన్నడైన కంట బడిన ఇనుపరజనుగాని యున్న ముందే చెప్పవలెను. మా వైపు వెల్డింగుపని చేయువారు ఈ సంగతి మరువరాదు. సున్నపు గులకలు మాత్రము దీనికి సరిగా కానరావు. వానికి సీటీయే మేలు.

నాలుగవ యంత్రము పై వానికంటె చిత్రమైనది. వెలిగోడను తట్టిన ప్రయోజనము లేదంటిని గదా. అయిన లోపలికే పోయి తట్టిన? సన్నని ఎండోస్కోపు గొట్టము కొనకు చిన్న అల్ట్రాసౌండు సాధనమును బిగించి, రోగికి మత్తిచ్చి, గొంతుగుండ జఠరములోనికి దించుదురు. జఠరపు గోడకు ఆవలనే క్లోమము. మధ్య కొన్ని మిల్లీమీటర్లే గనుక ఎక్కువ కంపనముల ధ్వనిని వాడవచ్చును. కంపనములు హెచ్చినకొలది ధ్వని దూరము పోలేదు గాని సూక్ష్మముగా చూపును. 1980లో అమెరికాలోను జర్మనీలోను దీనిని మొదట ప్రకటించిరి. తక్కిన యంత్రములకు తప్పిపోయిన రెండు మిల్లీమీటర్ల రాయి దీనికి దొరకును. కారణము తెలియక మాటిమాటికి క్లోమశోథ వచ్చువానికి దీనిని తలచుకొందురు. హైదరాబాదులో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారి ఆధ్వర్యమున నున్న ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఈ ఎండోస్కోపు విద్యకు దేశదేశముల పేరుపొందినది. ఆయనకు 2025లో పద్మవిభూషణ బిరుదము వచ్చినది. తెలుగుదేశములో ఇట్టి విద్యాపీఠ మేర్పడుట మన యదృష్టము.

అయినను దీనికిని దోషము గలదు. ఇది మరీ యెక్కువ చూచును. వయస్సు మీరినవారి క్లోమములోను, పొగ మద్యముల యలవాటుగలవారి క్లోమములోను సన్నని గీతలు, మచ్చలు సహజముగా నుండవచ్చును. వానిని చూచి వ్యాధియని చెప్పుటయు, లేదనుటయు చూచువాని యనుభవముపై ఆధారపడును. ఇద్దరు నిపుణు లొకేపటమును చూచి వేరువేరుగ చెప్పుటయు కలదు. లగ్నకుండలి నిద్దరు జ్యోతిష్కులు చూచినట్లని నవ్వకుడు. ఆ వైద్యులు తమ భేదమును తామే లెక్కగట్టి ప్రకటించుకొందురు. మన శాస్త్రులలో ఆ యలవాటు అరుదు.

ఇ.ఆర్.సి.పి. యని మరియొకటి వినియుందురు. గొట్టమును ఆ తూమువరకు దింపి, నాళములలోనికి మందెక్కించి ఎక్స్‌రే తీయుట. 1968లో మొదలైనది. పూర్వము రోగనిర్ణయమునకు వాడుచుండిరి. దానివలననే నూటికి మూడునుండి పదిమంది వరకు క్లోమశోథ వచ్చుటచేత, నేడు కేవలము చూచుటకు వాడరు. అడ్డుపడిన రాయిని తీయుటకే వాడుదురు.

ఇంతవరకు హఠాత్తుగా వచ్చు శోథను గూర్చి చెప్పితిని. ఏండ్లతరబడి రగులుచుండునది వేరొకటి గలదు. అన్నము తినగనే నొప్పి, జిడ్డుగా తేలియాడు మలము, మనిషి చిక్కిపోవుట, పిమ్మట మధుమేహము. దక్షిణదేశమున మద్యము ముట్టని పిల్లలలోను పడుచువారిలోను ఇది కనబడి, నాళములో సున్నపురాళ్లు పేరుకొనుట వైద్యులు చిరకాలముగా చూచుచున్నారు. కేరళములో ఎక్కువగా నుండుటచేత కర్రపెండలమును అనుమానించిరి గాని అది రుజువు కాలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, గిరిరాజ్ చాందక్‌గారు మొదలగువారు, 2002లో ఈ రోగులలో పెక్కురకు స్పింక్-1 అను జన్యువులో మార్పున్నదని చూపిరి. ఆ జన్యువు చేయవలసినది గ్రంథిలో రసము మేలుకొనకుండ కావలియుండుటయే. కావలివాడు బలహీనుడన్నమాట. ఇట్టి రాళ్లను సీటీ చక్కగా చూపును. ఒక్కొకప్పుడు పాతకాలపు ఎక్స్‌రేలోను వెన్నెముకకు ఇరుప్రక్కల తెల్లని చుక్కలవలె కనబడును. నాళపు తీరును ఎం.ఆర్.సి.పి. చూపును. ఈ రెంటికిని తేలనప్పుడే లోపలినుండి తీయు అల్ట్రాసౌండు. పెద్దరాళ్లను బయటనుండి తరంగాఘాతములచే పొడిచేసి పిమ్మట గొట్టముతో తీయుచున్నారు; నేను చెప్పిన హైదరాబాదు సంస్థవారే వేయిమందికి పైగా రోగుల యనుభవమును 2010లో ప్రకటించిరి. కావున "గ్యాసునొప్పి"యని ఏండ్లతరబడి మాత్రలు మ్రింగుచు చిక్కిపోవు కుర్రవాడు మీ యూరనున్న, ఒకమారు పటము తీయింపుమని చెప్పుడు.

పెద్దలారా, రాత్రివేళ మీ తలుపు తట్టినప్పుడు మీరు చేయదగినది ఏమన, ఏ యంత్రము గొప్పదని వాదింపకుడు. "ఈ పటమువలన ఏమి తెలియవలెను? అది నేటికి తెలియునా, రెండుదినములు ఆగిన తెలియునా?" యని వైద్యుని వినయముతో నడుగుడు. మంచివైద్యుడు దానికి కోపింపడు. మొదటి స్కానింగు బాగున్నదని రోగిని ఇంటికి లాగుకొని రాకుడు. చుట్టుచేరిన ద్రవమునకు గట్టిపొర యేర్పడుటకు సుమారు నాలుగు వారములు పట్టును. అంతవరకు వైద్యులు కోయక వేచియుండిన, అది యశ్రద్ధ గాదు. మాకు కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల దగ్గర. 2014 పిమ్మట నది యావలిది వేరు రాష్ట్రమైనను, కడుపునొప్పి సరిహద్దు నెరుగదు. ఎచ్చటికి పోయినను, ముందరి పటములును చీటీలును అన్నియు వెంట గొనిపోవుడు. క్రొత్త పటమును పాతదానితో పోల్చిచూచుటవలన తెలియునది, క్రొత్తది ఒంటిగా చెప్పజాలదు.

నా శిష్యుడు పిత్తాశయము తీయించుకొని యిప్పుడు సుఖముగా నున్నాడు. తాకట్టు చేను మొన్నటి పంటతో విడిపించుకొనెను. ఆతని పటములన్నియు ఒక గోనెసంచిలో చుట్టి మా యింటనే యుంచినాడు. మొన్న ఆతని మేనల్లునకు అదేతీరు నొప్పి వచ్చినప్పుడు, కాగితముమీద నొప్పి పుట్టిన గంటను వ్రాసి చేతికిచ్చి పంపితిని. ఉదయమున మొదట అల్ట్రాసౌండు తీసిరి.